రెండు వేల లీటర్ల ట్యాంక్ పెట్టినా షవర్ సన్నగానే ఎందుకొస్తోంది?

పోయిన ఎండాకాలం హనుమకొండలో మా అక్క వాళ్ళింటికి పోతే, బావ నన్ను కూర్చోనివ్వకుండా నేరుగా మేడ మీదికి తీసుకుపోయాడు. పాత 500 లీటర్ల ట్యాంక్ ఉండే చోట నల్లగా నిగనిగలాడుతూ కొత్తది, 2000 లీటర్లది, స్టిక్కర్ కూడా ఇంకా ఊడలేదు. షవర్‌లో నీళ్ళు మరీ సన్నగా వస్తున్నాయని, నీళ్ళు ఎక్కువుంటే బరువెక్కువ, బరువెక్కువైతే తోపు ఎక్కువని లెక్కేసుకుని కొన్నాడు. పెట్టి వారమైంది. "గింత పెద్ద ట్యాంక్ పెట్టినా గంతే వస్తున్నయేందిరా? పైపుల ఏమన్న ఇరుక్కున్నదా చూడు జర" అన్నాడు.

పైపులో ఏమీ ఇరుక్కోలేదు. లెక్కలోనే తేడా. బావ ఒక్కడే కాదు, మంచి చదువులు చదివినవాళ్ళు కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తారు. "అంత పెద్ద చెరువు, కట్ట మీద ఎంత ప్రెజర్ ఉంటదో" అనడం, "బోరులో మోటర్‌ను లోతుకు దింపితే మోటర్ మీద లోడ్ పడతది" అనడం, బావ ట్యాంక్ కొనడం, మూడూ ఒకే పొరపాటు. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది చూస్తున్నాం తప్ప, ఎంత ఎత్తున నిలబడ్డాయన్నది చూడటం లేదు.

ముందు లెక్క చేద్దాం, పెద్ద పనేం కాదు. చదరపు సెంటీమీటర్ అంటే చిటికెన వేలి గోరంత జాగా. దాని మీద సరిగ్గా మీటర్ ఎత్తున నీళ్ళు నిలబెట్టామనుకోండి. ఆ సన్నటి స్తంభంలో పట్టేవి 100 ఘన సెంటీమీటర్ల నీళ్ళు, అంటే 100 గ్రాములు. కాబట్టి మీటర్ లోతుకు పోతే ప్రతి చదరపు సెంటీమీటర్ మీదా 100 గ్రాముల ఒత్తిడి, పది మీటర్లకు కిలో, వంద మీటర్లకు పది కిలోలు. పంపుల మెకానిక్‌లు 'రెండు కిలోల ప్రెజర్', 'నాలుగు కిలోల ప్రెజర్' అనేది దీన్నే. కిలో అనేది ద్రవ్యరాశి, బలం కాదని ఫిజిక్స్ సార్లు కోప్పడతారు, వాళ్ళన్నది నిజమే, వాళ్ళ కోసం పుస్తకం లెక్క కూడా చెప్తాను: ఒత్తిడి అంటే సాంద్రత, గురుత్వ త్వరణం, లోతు ఈ మూడింటి గుణకారం, మీటర్ లోతుకు 1000 × 9.8 × 1, మొత్తం 9,800 పాస్కల్‌లు. రెండూ ఒకటే మాట. కానీ మెట్ల మీద నిలబడి నోటితో లెక్క చెయ్యాలంటే 'మీటర్‌కు 100 గ్రాములు' అన్నదే నాకు నచ్చుతుంది. అడుగుల్లో అలవాటున్నవాళ్ళు అడుగుకు 30 గ్రాములు అనుకోండి. టైర్లకు గాలి కొట్టించేప్పుడు వాడే పీఎస్ఐలో అయితే 2.31 అడుగుల నీటికి ఒక పీఎస్ఐ. అంటే కారు టైరులో ఉండే 32 పీఎస్ఐ మీ ఇంటి నల్లాలో రావాలంటే ట్యాంక్‌ను 74 అడుగుల పైన, దాదాపు ఏడంతస్తుల ఎత్తున పెట్టాలి.

ఈ లెక్క మొత్తంలో లీటర్లన్న మాట ఎక్కడా రాలేదు చూడండి. ట్యాంక్ వెడల్పు రాలేదు. ఎత్తు ఒక్కటే వచ్చింది.

ఇప్పుడు బావ ఇల్లు. ఒకటే అంతస్తు. శ్లాబ్ మీద చిన్న దిమ్మె కట్టి దాని మీద ట్యాంక్ పెట్టారు. టేపు పట్టి చూస్తే షవర్ తల నుంచి ట్యాంక్ అడుగు దాకా మీటరున్నర. పాత ట్యాంక్ సుమారు మీటర్ ఎత్తు, సగం నిండి ఉంటే దాంట్లో నీళ్ళు అర మీటర్, మొత్తం రెండు మీటర్లు, అంటే 200 గ్రాములు. కొత్తది మీటరున్నర ఎత్తు, సగం నిండితే 75 సెంటీమీటర్లు, మొత్తం రెండుంబావు మీటర్లు, 225 గ్రాములు. నాలుగింతల నీళ్ళకు బావకు దక్కింది 25 గ్రాములు, అది కూడా కొత్త ట్యాంక్ కొంచెం పొడుగు కాబట్టి. అంతే ఎత్తుండి వెడల్పు ఎక్కువున్న ట్యాంక్ కొనుంటే ఆ 25 కూడా వచ్చేవి కావు. ఈ మాట చెప్తే అక్క వంటింట్లోంచి ఒకటే నవ్వు.

దవాఖానలో సెలైన్ ఎక్కించేప్పుడు అర లీటర్ సీసా అయినా లీటర్ సీసా అయినా ఒకే స్టాండ్‌కు, ఒకే ఎత్తులో వేలాడదీస్తారు. చేతికి మీటర్ ఎత్తున ఉంటే 100 గ్రాములు, డాక్టర్ల భాషలో దాదాపు 74 మిల్లీమీటర్ల పాదరసం. నరంలో ఉండే ప్రెజర్ అంతకంటే చాలా తక్కువ కాబట్టి సెలైన్ లోపలికి పోతుంది. సీసా కిందికి దించితే రక్తమే ట్యూబ్‌లోకి వెనక్కి వస్తుంది, పేషెంట్ వెంట కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇది చూసి నర్సమ్మను కేకేసే ఉంటారు.

అయినా మనసు ఒప్పుకోదు. ఎక్కువ నీళ్ళు ఎక్కువ బరువు కదా, ఆ బరువు ఎక్కడికి పోయినట్టు? పోలేదు. పెద్ద ట్యాంక్‌కు అడుగు కూడా పెద్దదే, ఎక్కువ బరువును ఎక్కువ జాగా పంచుకుంటోంది. గోరంత జాగా మీద పడే వాటా మాత్రం మారలేదు. దీన్ని కళ్ళారా చూడాలంటే ఇల్లు కట్టే చోటికి పోండి. మేస్త్రీ దగ్గర లెవల్ పైపు ఉంటుంది, నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం. ఒక కొస ఈ పిల్లర్ దగ్గర, ఇంకో కొస ముప్పై అడుగుల అవతలి పిల్లర్ దగ్గర పట్టుకుంటారు, మధ్యలో గొట్టం ఇసుక కుప్ప మీదుగా, ఇటుకల సందులోంచి ఎట్లా వంకరలు తిరిగినా రెండు కొసల్లో నీళ్ళు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. గొట్టం ఒక కొసను తీసుకుపోయి నిండు చెరువుకు అతికించినా అంతే. చెరువు మొత్తం ఒక పక్క, గ్లాసెడు నీళ్ళ గొట్టం ఇంకో పక్క, అయినా గొట్టంలో నీళ్ళు చెరువు మట్టం కంటే ఒక్క వేలు కూడా పైకి లేవవు. నీటి మొత్తాన్ని బట్టే ప్రెజర్ వచ్చేదైతే చెరువు ఆ గొట్టంలోంచి ఆకాశానికి ఎగజిమ్మాలి.

ఇంతకంటే విచిత్రమైన లెక్క ఒకటుంది. డచ్చి దేశాల ఇంజనీర్ స్టెవిన్ 1586లోనే దీన్ని రాసిపెట్టాడు, ఆ తర్వాత ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ పేరు మీద పీపా పగిలిన కథగా ప్రచారమైంది. మన దగ్గర దొరికే 200 లీటర్ల డ్రమ్ముతో చేద్దాం. డ్రమ్ము నిండా నీళ్ళు నింపి మూత గట్టిగా బిగించి, మూతకు ఒక చదరపు సెంటీమీటర్ రంధ్రం ఉన్న సన్నటి గొట్టం పెట్టి, దాన్ని నిట్టనిలువుగా పది మీటర్లు లేపాం. ఆ గొట్టం నిండటానికి కావలసింది ఒక్క లీటర్ నీళ్ళు. ఆ లీటర్ పోయగానే మూత కింద ప్రతి గోరంత జాగా మీదా కిలో ప్రెజర్ అదనంగా వస్తుంది. డ్రమ్ము మూత సుమారు 57 సెంటీమీటర్ల వెడల్పు, అంటే 2,550 చదరపు సెంటీమీటర్లు. మూతను నీళ్ళు పైకి తోసే బలం రెండున్నర టన్నులు. ఒక లీటర్ నీళ్ళతో! రేకు మూత ఉబ్బి ఎగిరిపోవడం ఖాయం.

లీటర్ నీళ్ళకు రెండున్నర టన్నుల బరువు ఎక్కడినుంచి వచ్చింది? బరువు రాలేదు. డ్రమ్మును కాటా మీద పెడితే ముల్లు ఒక్క కిలో మాత్రమే పెరుగుతుంది. అదనపు ప్రెజర్ అడుగు రేకును కిందికి రెండున్నర టన్నులతో తోస్తోంది, అదే సమయంలో మూతను పైకి రెండున్నర టన్నులతో తోస్తోంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. కాటాకు వాటి తేడా మాత్రమే తెలుస్తుంది. డ్రమ్ముకు మాత్రం రెండూ తెలుస్తాయి, అందుకే చీలిపోయేది డ్రమ్ము. బరువు వేరు, ఒత్తిడి వేరు అని బడిలో పదిసార్లు చెప్పారు గానీ నాకు ఈ కాటా లెక్క చేశాకే అది బుర్రకెక్కింది.

పైకి తోయడం అన్నాను కదా, నీటి ఒత్తిడికి కిందికే పోవాలన్న నియమం లేదు. పక్కలకు, పైకి, ఏటవాలుగా, ఎటు చూస్తే అటే అంతే బలంతో తోస్తుంది. ఇది నేను పుస్తకంలో చదవకముందే మా ఊరి బావిలో నేర్చుకున్నాను. ఎండాకాలం సెలవుల్లో పొద్దంతా బావిలోనే ఉండేవాళ్ళం. ఒకరోజు ఖాళీ అయిన అయిదు లీటర్ల నూనె డబ్బా దొరికింది, మూత గట్టిగా బిగిసి ఉంది. దాన్ని నీళ్ళ అడుగున దాచి, ఎవడు ముందు తీస్తే వాడిదని పందెం వేసుకున్నాం. డబ్బాకు పెద్ద రాయి కట్టి చేంతాడుతో వదిలాం. రాయి అడుగుకు తాకక ముందే కింది నుంచి బుడుంగుమని ఒక శబ్దం, నీళ్ళలోంచి మెత్తగా వినబడింది. లాగి చూస్తే డబ్బా నాలుగు పక్కలా లోపలికి సొట్టపోయి, నడుము దగ్గర నలిగిన కాగితం మాదిరి ఉంది. మా నాయన చూసి, రాళ్ళతో కొట్టి పాడు చేశామనుకుని, డబ్బాకు కాదు మాకు సొట్టలు పెట్టాడు.

ఇప్పుడు లెక్క చూస్తే డబ్బా తప్పేం లేదు. అయిదు మీటర్ల లోతులో 500 గ్రాములు. డబ్బా పెద్ద పక్క సుమారు 18 × 24 సెంటీమీటర్లు, 432 చదరపు సెంటీమీటర్లు. ఒక్క పక్క మీదే 216 కిలోలు, అంటే ముగ్గురు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. అదే డబ్బా మూత తీసి వదిలుంటే లోపల కూడా నీళ్ళు నిండి, లోపలి నుంచీ అంతే తోసి, ఏ సొట్టా పడకుండా అడుగుకు చేరేది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి మునిగినప్పుడు మనం డబ్బాలా నలగం. గాలి ఉన్న చోట్ల మాత్రం తెలుస్తుంది. రెండు మనుషుల లోతుకు మునిగితే చెవుల్లో పోటు వచ్చేది అందుకే. మూడు మీటర్లలో 300 గ్రాములు, కర్ణభేరి చదరపు సెంటీమీటర్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ, మొత్తం 180 గ్రాముల దాకా దాని మీద బయటి నుంచి ఒత్తుతుంది. పొర ఎంత పల్చనో తలుచుకుంటే ఆ పోటు ఎక్కువేం కాదు. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవి లోపలికి గాలి చేరి సర్దుకుంటుందని పెద్దపిల్లలు నేర్పారు. జలుబున్న రోజు మాత్రం ఆ పని చేయొద్దు.

నీళ్ళలో వస్తువులు తేలడం కూడా ఈ లెక్కే. వస్తువు అడుగు దాని పైభాగం కంటే లోతుగా ఉంటుంది కదా, అడుగును పైకి తోసే ఒత్తిడి పైనుంచి కిందికి తోసేదానికంటే ఎక్కువ. ఆ తేడా వస్తువు బరువును మించితే అది పైకి లేస్తుంది. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలతాయని చెప్పి ఎవరైనా చూపిస్తే, వాటిలో మహిమ వెతకక్కర్లేదు, లోపల సన్నసన్నటి గాలి గదులున్నాయి కాబట్టి అంతే సైజు నీళ్ళకంటే బరువు తక్కువ. 1213 నాటి గుడి బరువు తగ్గించడానికి ఆ ఇటుక చేయాలన్న ఆలోచన వచ్చినవాడికి మాత్రం దండం పెట్టాలి.

ఇక రైతులకు డబ్బులు ఖర్చయ్యే చోటికి వద్దాం. మోటర్లు.

మన నెత్తి మీద గాలి కూడా ఒక సముద్రమే, దాని అడుగున మనం బతుకుతున్నాం. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటర్‌కు కిలో కంటే కొంచెం ఎక్కువ, 1.033 కిలోలు. నీళ్ళలో చెప్పాలంటే 10.3 మీటర్ల లోతుతో సమానం. గేజ్‌లు దీన్ని లెక్కలోకి తీసుకోవు, గాలినే సున్నా అనుకుని అక్కడినుంచి మొదలుపెడతాయి. అందుకే పది మీటర్ల లోతులో గేజ్ కిలో చూపిస్తే అసలు ఒత్తిడి రెండు కిలోలు. ఈ గాలి ఒత్తిడి బావి గడ్డ మీద పెట్టిన మోటర్ విషయంలో అసలు పాత్రధారి. మోటర్ నీళ్ళను 'గుంజుతుంది' అంటాం కానీ నీళ్ళను గుంజడానికి కొక్కెం ఎక్కడుంది? పంపు చేసేది పైపులో గాలి తీసెయ్యడం, బావిలో నీళ్ళ మీద కూర్చున్న బయటి గాలి నీళ్ళను పైపులోకి తోస్తుంది. ఆ గాలి తోపే 10.3 మీటర్లది. పంపు ఎంత గొప్పదైనా, పది హెచ్‌పీ అయినా వంద హెచ్‌పీ అయినా, లోపల పూర్తిగా శూన్యం చేసినా అంతకంటే పైకి రావు. ఇటలీలో తోడుడు పంపులు పది మీటర్ల దగ్గర మొండికేయడం గెలీలియో కాలానికే అందరికీ తెలుసు, ఆయన శిష్యుడు టోరిచెల్లి 1643లో పాదరసంతో దాని గుట్టు విప్పాడు. ఆచరణలో నీళ్ళు వెనక్కి పోకుండా పైపు అడుగున పెట్టే ఫుట్ వాల్వ్, పైపు వంపులు, రాపిడి అన్నీ పోను ఏడెనిమిది మీటర్లు దక్కితే మేలు.

తెలంగాణలో బావులు లోతుకు పోయిన ఏళ్ళలో జరిగింది గుర్తుందా? నీళ్ళు తగ్గిన కొద్దీ మోటర్‌ను గడ్డ మీదినుంచి తీసి బావి లోపల మెట్టు కొట్టి అక్కడికి దింపేవాళ్ళు, వానలు పడి బావి నిండితే అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని నలుగురు కలిసి మళ్ళీ పైకి లాగేవాళ్ళు. పెద్ద మోటర్ కొంటే సరిపోతుందని కొన్నవాళ్ళు నష్టపోయారు, దింపినవాళ్ళు నీళ్ళు పారించుకున్నారు.

బోరులో దింపే సబ్‌మెర్సిబుల్‌కు ఈ బాధ లేదు, అది నీళ్ళలోనే మునిగి కింది నుంచి పైకి తోస్తుంది. కానీ అక్కడ ఇంకో అపోహ. మోటర్ 300 అడుగుల లోతులో ఉంది కాబట్టి 300 అడుగులు లేపాలని లెక్కేసి ఎక్కువ స్టేజీల పంపు, అంటే ఎక్కువ ఎత్తుకు తోసేది, కొంటారు. బోరులో నీళ్ళు 120 అడుగుల దగ్గర నిలబడి ఉన్నాయనుకుందాం. మోటర్ దగ్గర బయటి నీళ్ళు 180 అడుగుల లోతు, 5.4 కిలోల ప్రెజర్‌తో పంపు నోట్లోకి తోస్తున్నాయి. డెలివరీ పైపులో కూడా ఆ 180 అడుగుల నీళ్ళు పైనుంచి కిందికి అంతే తోస్తున్నాయి. చెల్లుకు చెల్లు. పంపు కష్టపడాల్సింది నీటి మట్టం నుంచి పైదాకా ఉన్న 120 అడుగులకే, దానికి పైన ట్యాంక్ ఎత్తు, పైపు రాపిడి కలుపుకోవాలి. మోటర్‌ను 300కు దింపినా 250కి దింపినా ఆ పని మారదు. ఒక మెలిక ఉంది: మోటర్ ఆన్ చేసిన గంటకు మట్టం 120లో ఉండదు. నీళ్ళు తోడిన కొద్దీ దిగుతుంది, ఎండాకాలంలో 200 దాకా కూడా దిగొచ్చు. లెక్కలోకి తీసుకోవలసింది ఆ దిగిన మట్టాన్ని. పొద్దున జోరుగా పోసిన బోరు మధ్యాహ్నానికి సన్నబడటంలో మోటర్ తప్పు లేకపోవచ్చు, అదే మోటర్ ఇప్పుడు ఎక్కువ ఎత్తు లేపుతోంది. కొనేముందు కాసేపు నడిపించి దారానికి రాయి కట్టి మట్టం కొలిచే ఓపిక ఉంటే వేలల్లో మిగులుతాయి.

చెరువు దగ్గరికి వద్దాం, ఓరుగల్లు వాళ్ళం చెరువుల గురించి మాట్లాడకుండా ఎట్లా ఆపుతాం.

కట్ట పక్కన నీళ్ళు అయిదు మీటర్ల లోతున్నాయి. పైన ఒత్తిడి సున్నా, అడుగున చదరపు మీటర్‌కు అయిదు టన్నులు, సగటు రెండున్నర టన్నులు. మీటర్ పొడుగు కట్ట ముక్కను తీసుకుంటే నీళ్ళు తాకే జాగా అయిదు చదరపు మీటర్లు, మొత్తం తోపు పన్నెండున్నర టన్నులు. లోతు పది మీటర్లయితే? సగటూ రెట్టింపు, జాగా కూడా రెట్టింపు, తోపు యాభై టన్నులు. లోతు రెండింతలైతే తోపు నాలుగింతలు. గోడ కట్టి ఉంటే దాన్ని పడదోసే శక్తి ఏకంగా ఎనిమిదింతలు. అడుగున వెడల్పుగా, పైకి పోయిన కొద్దీ సన్నగా కట్ట పోసేది ఊరికే కాదు. ఈ లెక్కలో చెరువు శిఖం ఎన్ని ఎకరాలన్నది మళ్ళీ రాలేదు. పాకాల చెరువు అడవిలోకి అంత దూరం పరుచుకుని ఉన్నా, అయిదు మీటర్ల నీళ్ళున్న చోట దాని కట్ట మీద పడే తోపు, అంతే లోతున్న మీ ఊరి కుంట కట్ట మీద పడేంతే. అలలు, వరదకు వచ్చే ఉరవడి అదనం, అవి నిలకడ నీటి లెక్కలోవి కావు. పెద్ద చెరువు తెగితే ఎక్కువ నష్టం చేసేది ఎక్కువ ఒత్తిడితో కాదు, ఎక్కువసేపు పారుతుంది కాబట్టి.

శ్రీరాంసాగర్‌లో ఇన్ని టీఎంసీలు, దిగువ మానేరులో ఇన్ని టీఎంసీలు అని పేపర్లలో చదువుతాం. గేటుకు టీఎంసీలు తెలియవు, అడుగులే తెలుసు: సముద్ర మట్టం నుంచి లెక్కిస్తే శ్రీరాంసాగర్ నిండు మట్టం 1,091, దిగువ మానేరుది 920. గేటు ముందు ఎంత లోతు నీళ్ళున్నాయన్నదే దాని మీద పడే బలం. ఉదాహరణకు 15 మీటర్ల వెడల్పు గేటు ముందు పది మీటర్ల నీళ్ళుంటే 750 టన్నులు. పెద్ద డ్యాముల గేట్లు చాలావరకు విల్లులా వంగి ఉండటంలో కిటుకు ఇదే, నీటి తోపు మొత్తం ఆ వంపు కేంద్రంలో ఉన్న ఇరుసు మీదికి పోతుంది, కాబట్టి లేపేటప్పుడు మోటర్ మోయాల్సింది గేటు బరువును, రాపిడిని మాత్రమే.

పాత చెరువుల తూములకు ఆ సౌకర్యం లేదు. రాతి స్తంభాల మధ్య కర్ర దింపి, అడుగున కంతను బిరడాతో మూసేవాళ్ళు. కంత ఆరంగుళాల వెడల్పుంటే అయిదు మీటర్ల నీళ్ళ కింద బిరడాను అదిమిపట్టే బలం 90 కిలోలు, అడుగు వెడల్పుంటే 365 కిలోలు. అడుగు కంత పెట్టుంటే, తూము తెరిచి నీళ్ళు వదిలే నీరటి ఒక్కడే లేపగలిగేవాడు కాదు. తూములోంచి నీళ్ళు వచ్చే వేగం మాత్రం లోతుకు వర్గమూలంగా నడుస్తుంది: అయిదు మీటర్ల లోతులో సెకనుకు దాదాపు పది మీటర్లు, లోతు పావువంతుకు, అంటే మీటరుంబావుకు పడిపోయినా వేగం సగం ఉంటుంది. చెరువు ఎండుతున్నా తూము ఇంకా పారుతోందని ఆయకట్టు చివరి రైతు మోసపోయేది ఇందుకే.

2023 జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారంలోనే మన భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది, ఇసుక బస్తాలు వేసి ఆపాల్సి వచ్చింది. మట్టికట్టలు రెండు రకాలుగా పోతాయి. నీళ్ళు కట్ట మీదినుంచి పొర్లి మట్టిని కోసెయ్యడం ఒకటి. లోపలినుంచి ఊరి బుంగ పడటం రెండోది, లోతు లెక్క సూటిగా పనిచేసేది ఇక్కడ. కట్టకు ఇవతలి అడుగున ఊట తేటగా వస్తుంటే కొంత నయం, బురదగా వస్తుంటే నీళ్ళు లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టు, పరుగెత్తాలి. అప్పుడు అనుభవజ్ఞులు చేసే పని చూడటానికి వింతగా ఉంటుంది, ఊట మీద మట్టి పోసి మూసెయ్యరు, దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావిలా పేర్చి ఆ నీళ్ళను లోపలే నిలబడనిస్తారు. బస్తాల మధ్య మీటర్ నీళ్ళు నిలిస్తే 100 గ్రాముల ఎదురు తోపు పుడుతుంది, కట్టకు అటూ ఇటూ ఉన్న తేడా ఆ మేరకు తగ్గుతుంది, ఊట వేగం తగ్గి మట్టి కదలడం ఆగుతుంది. నీళ్ళతోనే నీళ్ళను ఆపడం.

2024లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేస్తున్నప్పుడు నన్ను ఒకరు అడిగారు, లోతు పెంచితే కట్ట మీద ప్రెజర్ పెరగదా అని. మంచి ప్రశ్న. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మత్తడి ఎత్తు మార్చకుండా చెరువు నడుమ ఎంత తవ్వినా కట్టను తాకే నీళ్ళ లోతు మారదు, కాబట్టి తోపు మారదు, నీళ్ళు మాత్రం ఎక్కువ నిలుస్తాయి. కట్ట మొదట్లోనే తవ్వితే అప్పుడు లోతు పెరుగుతుంది, పైగా కట్టకు కాలు కింద మట్టి తీసినట్టు అవుతుంది. కట్టకు దూరంగా తవ్వమనేది అందుకే.

బావ షవర్ సంగతి మిగిలింది. కొత్త ట్యాంక్‌ను ఇనుప స్టాండ్ మీదికి లేపుతానన్నాడు. నిండితే రెండు టన్నులు, ఆ స్టాండ్ కాళ్ళ కింద శ్లాబ్ ఏమవుతుందోనని నేనే వద్దన్నాను. మెట్ల గది పైకప్పు ట్యాంక్ దిమ్మె కంటే 2.4 మీటర్ల ఎత్తుంది. అక్కడ పాత 500 లీటర్ల ట్యాంక్ పెడితే సగం నిండినప్పుడు షవర్‌కు 4.4 మీటర్లు, 440 గ్రాములు. పాత 200 గ్రాములతో పోలిస్తే ప్రెజర్ రెండింతలు దాటుతుంది, నీళ్ళ జోరు వర్గమూలం కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లు వస్తుంది. దాంతోపాటు కిందికి వచ్చే అరంగుళం పైపు తీసి ముప్పావు అంగుళంది వెయ్యమన్నాను. నల్లా మూసి ఉన్నప్పుడు పైపు సైజుతో పనిలేదు, తిప్పాక నీళ్ళు కదులుతుంటే మాత్రం సన్న పైపు రాపిడితోనే సగం ప్రెజర్ తినేస్తుంది. మోటర్ ముందు చిన్న ట్యాంక్‌ను నింపి, అది పొర్లితే కొత్తదాంట్లోకి పోయేటట్టు పైపు కలిపితే ఖాళీ ఉండదు.

అంతా విని బావ కాసేపు ఏం మాట్లాడలేదు. పాత ట్యాంక్ ఎక్కడుంది బావా అని అడిగితే అక్కే చెప్పింది, పది రోజుల కిందే ట్రాలీ ఆటోలో ఊరికి పంపించారట, బర్రెల కొట్టం దగ్గర కుడితి కలపడానికి. ఆదివారం పోయి తెచ్చుకున్నాం. కడగడానికే సగం రోజు పట్టింది.